ఎనిమిదేళ్ల ఎంబీబీఎస్

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం పక్క నుంచి రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లలో కాలేజీ టీముకు ఫుట్‌బాల్ ఆడినవాళ్లు ఎందరో ఉంటారు. ఆ బూట్లు ఇప్పుడెక్కడున్నాయి? "ఆటా, చదువా? ఏదో ఒకటి తేల్చుకో" అని ఇంట్లో గట్టిగా అన్న రోజే మూలన పడి ఉంటాయి.

తాలిమెరెన్ ఆవో రెండూ వదల్లేదు. నాగా కొండల్లోని చాంగ్‌కీ ఆయన ఊరు. తండ్రి పాస్టరు, 1935లో టైఫాయిడ్‌తో పోయారు. కొడుకు డాక్టరై తమవాళ్లకు వైద్యం చేయాలని ఆయన కోరిక. గువాహతి కాటన్ కాలేజీలో చదువుతూ ఆడిన ఆవో 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరారు. మరుసటి ఏడాదే మోహన్ బగాన్ జట్టులోకి వచ్చారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్ ఆయనే, దేశం జెండా పట్టి నడిచిందీ ఆయనే. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు చేజార్చుకుని 2-1తో ఓడారు.

అంత పేరొచ్చాక మళ్లీ వచ్చి పరీక్షలకు కూర్చున్నారు. 1950లో ఎంబీబీఎస్ చేతికొచ్చింది. లెక్కేస్తే ఎనిమిదేళ్లు! ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చేవి ఈ ఎనిమిదేళ్లే. ఒక్క అప్రైజల్‌లో రేటింగ్ తగ్గితే జీవితమే వెనకబడిందని కుమిలిపోతాం మనం. ఎక్కడికి చేరాలో ముందే తెలిసిన మనిషికి ఆలస్యమంటే భయం ఉండదు. ఆవోకు ఆ గమ్యం తండ్రి కోరిక, తీర్చాల్సిన బాకీ.

కాబట్టి ఈ రాత్రే ఒక పని చేయండి. మీరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో ఒక్క వాక్యంలో రాయండి. అమ్మానాన్నలకా, ఊరికా, లేక మీకేనా? రాయడం కష్టమే, అయినా రాయండి. కొత్త ఆఫర్ ఏదొచ్చినా జీతం అంకె కంటే ముందు ఆ వాక్యం చదవండి. ఆటకు మాత్రం వారంలో ఒక గంట క్యాలెండర్‌లో పెట్టేయండి, క్లయింట్ కాల్‌కు పెట్టినట్టే. కొండాపూర్ టర్ఫ్‌లో చిన్న ఆటకు జట్టుకు ఐదుగురు చాలు.

కలకత్తాలో అంత అభిమానం ఉన్నా ఆవో 1953లో కోహిమా వెళ్లి అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరారు. తర్వాత నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టరై, 1978లో రిటైరయ్యారు. తండ్రి పోయి అప్పటికి నలభై మూడేళ్లు.