ఆ పది రోజులూ ‘పాపం’ అనకండి

రేపు పొద్దున్నే ఆపరేషన్. రాత్రి పదిన్నర దాటింది. ఖాళీ గిన్నె ముందు కూర్చుని కుక్క ఒకసారి గిన్నెనీ, ఒకసారి మిమ్మల్నీ చూస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరి మనసు కరుగుతుంది. ‘‘పాపం, నోరులేని జీవి. ఒక్క బిస్కెట్ పెడితే ఏమవుతుంది?’’

ఏమైనా కావచ్చు. మత్తులో ఉన్నప్పుడు మింగే శక్తీ దగ్గే శక్తీ ఉండవు. కడుపులో మిగిలింది పైకి తన్నుకొస్తే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. న్యుమోనియా వస్తుంది, ప్రాణమే పోవచ్చు. మన జాలి బిస్కెట్ రూపంలో చేయగల హాని అది.

కత్తి పట్టేది డాక్టరుగారే. కానీ ముందు రాత్రి, తర్వాతి పది పద్నాలుగు రోజులు మన చేతిలో ఉంటాయి. ప్రేమ మనందరికీ ఉంది. ఆ రోజుల్లో దానికి నిలకడ నేర్పాలి.

అడగడానికి మొహమాటపడకండి

డాక్టరుగారు బిజీగా ఉన్నారని సగం ప్రశ్నలు మింగేసి వచ్చేస్తాం. కాగితం మీద రాసుకుని వెళ్లండి. రక్తపరీక్ష ఎప్పుడు? కిడ్నీ, కాలేయం ఎలా ఉన్నాయి? ప్లేట్‌లెట్లు ఎన్ని? మన వేడి వాతావరణంలో గోమార్ల బెడద ఎక్కువ. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ పైకి కనపడకుండానే ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. అలాంటప్పుడు కోత పెడితే రక్తం ఓ పట్టాన ఆగదు. అందుకే పైకి హుషారుగా కనపడుతున్నా పరీక్ష చేయించాలి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, ఏ మందులు వాడుతోంది, ఆడకుక్క అయితే చివరిసారి ఎదకు ఎప్పుడు వచ్చింది వంటివన్నీ మీరే చెప్పండి. ఖర్చు గురించీ ముందే అడగండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో ఆసుపత్రులున్నాయి. దగ్గరలో ఉంటే అక్కడా విచారించవచ్చు.

ఉపవాసం ఇంటిల్లిపాదికీ తెలియాలి

ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో, నీళ్లు ఎప్పటిదాకా పెట్టాలో డాక్టరుగారినే అడగండి. పెద్ద కుక్కలకూ పిల్లులకూ మామూలుగా రాత్రి భోజనం తర్వాత తిండి ఆపమంటారు. చిన్న కూనలను అంతసేపు ఉంచితే ఒంట్లో చక్కెర పడిపోతుంది, వాటికి తక్కువ గంటలే. కుందేలును అసలు పస్తు పెట్టకూడదు. అది వాంతి చేసుకోలేదు, పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి.

ఆ గంటలు ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. నాయనమ్మకూ పిల్లలకూ పనమ్మాయికీ విడివిడిగా చెప్పండి. అయినా పొరపాటున ఏదైనా తినేస్తే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పేయండి. ఆపరేషన్ మరో రోజుకు వాయిదా పడుతుంది, అంతే. మొహమాటానికి దాచిన నిజమే ఇక్కడ ప్రమాదం.

మొదటి రాత్రి నేల మీద పక్క వేయండి

మత్తు దిగేదాకా అది తూలుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి మూలుగుతుంది. చూసి బెదరకండి. మత్తులో ఒంటి వేడి తగ్గుతుంది కాబట్టి పాత దుప్పటి కప్పండి, ఏసీ ఆపేయండి. సోఫా, మంచం ఎక్కించకండి. టైల్స్ మీద కాళ్లు జారతాయి, గోనెపట్టా పరవండి. పూర్తిగా తేరుకున్నాక కొంచెం నీళ్లు, ఆపైన రోజూ తినేదాంట్లో సగం పెట్టండి. నీరసపడిందని ఉల్లి, వెల్లుల్లి వేసిన చికెన్ పులుసు పోయకండి. అవి కుక్కలకూ పిల్లులకూ విషం.

నొప్పిగా ఉందేమోనని మీ మందుల డబ్బా తెరవకండి. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు, ప్రాణం పోవడానికి. ఐబూప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. డాక్టరుగారు రాసిన మందే, రాసిన మోతాదులోనే, రాసినన్ని రోజులూ వేయండి.

కాలర్ విప్పకండి

కాలర్ విప్పడం నేను చేసిన తప్పు. మా ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మూడో రోజు, కుట్లు నాకకుండా మెడకు వేసిన ప్లాస్టిక్ కాలర్‌తో అది గోడలకూ తలుపులకూ తగులుకుంటుంటే చూడలేకపోయాను. ‘‘కాసేపు హాయిగా ఉంటుంది’’ అని విప్పి వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రెండు కుట్లు ఊడి ఉన్నాయి. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు. నేను విప్పింది దాని బాధ చూడలేక. అంటే నా బాధ తీరడం కోసం విప్పాను. తీర్చుకున్నది నేను, అనుభవించింది అది.

ఏదైనా నియమం సడలించాలనిపించిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి అడుగుతున్నాను: ఇది దాని కోసమా, నా కోసమా?

రోజూ ఒకే వేళకు చూడండి

కుట్లు తీసేది మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులకు. అప్పటిదాకా రోజూ ఒకే వేళకు గాయాన్ని చూసి ఫోన్‌లో ఫొటో తీయండి. నిన్నటి ఫొటో పక్కన ఇవాళ్టిది పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. బయటికి తాడు కట్టే తీసుకెళ్లండి, పరుగులు వద్దు, మెట్లు వద్దు, స్నానం వద్దు. మన చేతికందే పసుపు, కొబ్బరినూనె గాయానికి పూయకండి. ఆ వాసనకు ఇంకా ఎక్కువ నాకుతుంది. వానాకాలంలో ఈగలు వాలకుండా చూడండి, పురుగులు పడతాయి.

వాపు పెరగడం, చీము, దుర్వాసన, ఆగని రక్తం, పాలిపోయిన చిగుళ్లు, మళ్లీ మళ్లీ వాంతులు, ఒక రోజు గడిచినా మూత్రం పోయకపోవడం, తిండి ముట్టకపోవడం. వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకండి, ఫోన్ చేయండి. తిండి మానిన పిల్లి విషయంలో మరీ జాగ్రత్త, రోజులు గడిచేకొద్దీ కాలేయానికే ముప్పు.

ఈ పది రోజుల్లో అలవాటైన నిలకడ తర్వాత కూడా మనతోనే ఉంటుంది. షుగర్ ఉన్న నాన్న ‘‘ఒక్క లడ్డూనే కదా’’ అన్నప్పుడు, కంటి ఆపరేషన్ అయిన అమ్మ నల్ల కళ్లద్దాలు తీసేస్తానన్నప్పుడు, పరీక్షల ముందు రాత్రి పిల్లాడు ఫోన్ అడిగినప్పుడు మళ్లీ అదే పరీక్ష ఎదురవుతుంది. మనవాళ్లకు ‘వద్దు’ అని చెప్పడం సగం పని. చెప్పాక మొహం చాటేయకుండా వాళ్ల దగ్గరే ఉండటం మిగతా సగం.

కాబట్టి ఆ రాత్రి గిన్నె తీసి లోపల పెట్టేయండి. వచ్చి దాని పక్కన కూర్చోండి.