సృజనాత్మక విద్యలో డాక్టరేట్ ఎలా పూర్తి చేయాలి?

పాత రేకుముక్కలతో బండి బొమ్మ చేసే పిల్లవాడు మన హాస్టల్లో ఏటా ఒకడైనా ఉంటాడు. అతని ప్రతిభ మార్కుల జాబితాలో కనిపించదు. అలాంటి పిల్లలను గుర్తించి బోధించడం ఒక శాస్త్రం. అమెరికాలో ఇ. పాల్ టోరెన్స్ 1966లో సృజనాత్మకతను అంచనా వేసే పరీక్షలు ప్రచురించారు.

మన దేశంలో ఈ అంశంపై విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. చేయవచ్చు. యు.జి.సి. 2022 నిబంధనలలో ముఖ్యమైనవి:

1. పి.జి. అర్హతతో చేరేవారికి అందులో 55 శాతం మార్కులుండాలి. ఎస్.సి., ఎస్.టి. తదితరులకు 5 శాతం సడలింపు ఉంది.
2. కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ చదివి, 55 శాతం తెచ్చుకోవాలి.
3. ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు పరిశోధన ప్రగతిని వివరించాలి.
4. కనీస కాలం 3 ఏళ్ళు, గరిష్ఠం 6 ఏళ్ళు. ఆపైన 2 ఏళ్ళ వరకు పొడిగింపు పొందవచ్చు. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం గలవారికి మరో 2 ఏళ్ళు ఇవ్వవచ్చు.
5. సిద్ధాంత గ్రంథంలో కాపీ ఉండరాదు. గైడ్‌తోపాటు ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలిస్తారు. చివరగా వైవా.

చాలామంది ఆగిపోయేది గ్రంథరచన దగ్గరే. రోజూ ఒక పేజీ రాయండి. హాస్టల్ పిల్లల ప్రతిభ గురించి మనకన్నా బాగా ఎవరు రాయగలరు?