తల దెబ్బకు ఓర్పే సగం మందు

నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక గీత కార్మికుడు. రోజూ తాటిచెట్లు ఎక్కి కల్లు తీసేవాడు. ఒకనాడు మోకు జారింది. చెట్టు మీంచి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. పక్కవాళ్లు 108కి ఫోను చేశారు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో తలకు ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది. 40 రోజులకు ఇంటికి వచ్చాడు.

కుట్లు మానాయి. కాని మనిషి మారిపోయాడు. ఎడమ చెయ్యి లేవదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. చిన్న మాటకే కసురుకుంటాడు. ఒకరోజు అన్నం పళ్లెం విసిరికొట్టాడు.

"వీనికి గాలి సోకింది. మంత్రగాని దగ్గరికి తీస్కపోదాం" అన్నది తల్లి.

"కాదత్తా, నన్ను సాధించనీకే ఇట్ల చేస్తున్నడు. నేను మా అమ్మగారింటికి పోత" అని భార్య ఏడ్చింది.

మళ్లీ ఆసుపత్రికి పోయినప్పుడు ఆమె డాక్టరును అడిగింది. "పుండు మానింది గద సారూ, మరి ఈ కోపమేంది?"

"మానింది పైపుండు అమ్మా. లోపల మెదడుకు తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. ఆయన కావాలని చేయడం లేదు. ఆ కోపం దెబ్బ వల్ల వచ్చింది" అన్నాడు డాక్టరు.

మెదడు చేసే పని

పుర్రె గట్టిది. లోపలి మెదడు మెత్తనిది. మెదడులో ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. నుదుటి వెనుక ఉన్న భాగం కోపాన్ని అదుపులో ఉంచుతుంది. కుడివైపు మెదడు ఎడమ చేతిని, ఎడమ కాలిని నడుపుతుంది. ఎడమవైపు మెదడు కుడి చేతిని, కుడి కాలిని నడుపుతుంది. చాలామందికి మాట కూడా ఎడమవైపు నుంచే వస్తుంది. ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడి పని చెడుతుంది.

చెడిన పనిని మెదడులోని మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. పసిపిల్లలు నడక నేర్చినట్టే మెల్లగా నేర్చుకోవాలి. దానికి రోజూ సాధన కావాలి. మొదటి 6 నెలల్లో మార్పు తొందరగా కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది. ఏళ్లు గడిచాక కూడా కొంత కోలుకునేవాళ్లున్నారు. అందరూ మునుపటిలా కాకపోవచ్చు.

ఇంట్లో ఏం చేశారు?

భార్య అప్పుడే చదువు కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు అవి అక్కరకు వచ్చాయి. రోజూ పొద్దున గోడ మీద సుద్దతో రాసేది: "ఈ రోజు బుధవారం. మాత్ర వేసుకున్నావు. సాయంత్రం అక్క వస్తది." అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోలేదు. గోడ చూపించేది.

ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామం రోజూ రెండు పూటలా చేయించింది. అంగీ తాను తొడగలేదు. ఆలస్యమైనా అతన్నే తొడుక్కోనిచ్చింది. ఒకేసారి రెండు పనులు చెప్పలేదు. చుట్టాలను ఒక్కొక్కరిగా రమ్మన్నది. టీవీ మోత తగ్గించింది. కోపం వస్తే వాదించడం మానేసింది. కాసేపు పక్కకు తప్పుకునేది. కల్లు గీసే కత్తిని అందకుండా దాచింది.

అత్త కూడా అర్థం చేసుకుంది. "నువ్వు పండుకో బిడ్డా. ఈ పూట నేను చూసుకుంట" అనేది. వారానికి రెండు రోజులు ఆడబిడ్డ వచ్చేది. చూసుకునే మనిషికీ నిద్ర, తిండి కావాలి. ఆమె పడిపోతే ఇద్దరినీ చూసేదెవరు?

ఏడాది గడిచింది. అంగీ బొత్తాలు అతనే పెట్టుకుంటున్నాడు. మేకలకు మేత వేస్తున్నాడు. చెట్టు మాత్రం ఎక్కడు. కోపం ఇప్పటికీ వస్తుంది. కాని తొందరగా చల్లారుతుంది.

గుర్తుంచుకోండి

తల దెబ్బ తర్వాత కొందరికి ఫిట్స్ వస్తాయి. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపవద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు.

తలనొప్పి పెరిగినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి.

కల్లు, సారా ముట్టనివ్వవద్దు. దెబ్బతిన్న మెదడుకు అవి విషం.

మంచం మీదే ఉన్నవాళ్లను 2 గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అన్నం కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టాలి.

చేయి, కాలు, మాట సరిగా రాకుండా మిగిలిపోతే ప్రభుత్వ వైద్యుల దగ్గర వికలాంగుల సర్టిఫికెట్టు తీసుకోవాలి. 2016 నాటి చట్టం వికలాంగులకు హక్కులు ఇచ్చింది. వైకల్యం 40 శాతం గాని, అంతకు మించి గాని ఉంటే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చర్చించండి

1. భర్త కోపానికి కారణం ఏమిటి?
2. భార్య గోడ మీద ఎందుకు రాసేది?
3. ఫిట్స్ వస్తే ఏం చేయాలి? ఏం చేయకూడదు?
4. మీ ఊళ్లో తలకు దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నవాళ్లున్నారా? ఆ ఇంటివాళ్లకు మీరు ఏ సాయం చేయగలరు?