పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎస్వీ రంగారావు

పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగి. తొలి చిత్రం ‘వరూధిని’లో వేసింది ప్రవరాఖ్యుడి పాత్ర. ఆ సినిమా ఆడలేదు. పేరు తెచ్చింది ‘పాతాళభైరవి’ (1951)లోని నేపాళ మాంత్రికుడు. ఆ తర్వాత ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు. రెండింటికీ దర్శకుడు కేవీ రెడ్డే, నిర్మాణం విజయా సంస్థదే. జతపరిచే ప్రశ్నల్లో ఇవి పనికొస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం ‘నర్తనశాల’ (1963). కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలోని ఈ చిత్రంలో కీచకుడిగా నటించినందుకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నారు. హీరో ఎన్టీఆర్ కదా అని చాలామంది అవార్డు కూడా ఆయనకే రాసేస్తారు, జాగ్రత్త! ఇంకో చిక్కు: ఇంతటి నటుడికి పద్మ పురస్కారం రాలేదు. ఐచ్ఛికాల్లో ‘పద్మశ్రీ’ కనిపిస్తే కొట్టేయండి.

‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలకు దర్శకత్వం వహించారు. ‘బాంధవ్యాలు’కు నంది అవార్డు దక్కింది. తమిళంలోనూ విరివిగా నటించారు. 1974 జులై 18న మద్రాసులో మరణించారు. 2013లో తపాలా శాఖ ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.