వెనక బెంచీ నుంచి

గూడూరు.

మేనకోడలికి,

నిన్ను టీచ్ టూల్ పరిశీలకురాలిగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిన్నటిదాకా మూడో తరగతికి తీసివేతలు చెప్పినదానివి, ఇప్పుడు తోటి టీచర్ల పాఠానికి మార్కు వెయ్యాలంటే జంకుగా ఉందన్నావట. ఆ జంకు పోగొట్టుకోకు. ముప్పై అయిదేళ్లు ఈ బందరు, గుడివాడ వైపు బళ్లలో ఉండి, అందులో పదేళ్లు తనిఖీలకు తిరిగినవాణ్ణి గనక నాకు తెలిసింది రాస్తున్నాను.

తరగతిలో పాఠం చెప్పే తీరును కొలిచే ఆ పరికరాన్ని ప్రపంచ బ్యాంకు 2019లో తెచ్చింది. బడి చదువులు మెరుగుపరిచే సాల్ట్ పథకంతో మన రాష్ట్రానికీ వచ్చింది. పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు చూడటం, తొమ్మిది అంశాలు, వాటి కింద 28 ప్రవర్తనలు, అంశానికి 1 నుంచి 5 దాకా స్కోరు. ఇవన్నీ శిక్షణలో నీకు నేర్పే ఉంటారు. నేను చెప్పేది ఎక్కడ కూర్చోవాలో, ఎటు చూడాలో.

వెనక బెంచీలో కూర్చో. హెచ్‌ఎం గారు కుర్చీ తెప్పించి నల్లబల్ల పక్కన వేయిస్తారు, మర్యాదగా వద్దను. అక్కడ కూర్చుంటే పిల్లలు నిన్ను చూస్తారు, టీచరు నీకోసం పాఠం చెబుతారు. వెనక నుంచైతే పలకలు కనిపిస్తాయి, నోటు పుస్తకాలు కనిపిస్తాయి. పాఠం నడుస్తుండగా పిల్లలు పనిలో ఉన్నారో లేదో మధ్యమధ్య లెక్కపెట్టి రాసుకోవాలి కదా. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో పాఠంలో లేకపోతే తక్కువ స్థాయి కిందికి వస్తుంది. ఆ లెక్క ముందు కుర్చీ నుంచి ఎప్పుడూ సరిగా రాదు.

అన్నిటిలోకీ నువ్వు ఎక్కువసేపు నిలబడాల్సింది పిల్లలకు అర్థమైందో లేదో టీచరు ఎలా తెలుసుకుంటున్నారన్న అంశం దగ్గర. మన బళ్లలో "అర్థమైందా?" అని అడగటం, అందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అనటం రోజూ వినేదే. అది తెలుసుకోవటం కిందికి రాదు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లను లేపి "నువ్వెలా చేశావో చెప్పమ్మా" అన్న టీచరు తెలుసుకున్నట్టు. ఆ పిల్ల తప్పు చెబితే, ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికిన టీచరు ఇంకా పైమెట్టు. 52లోంచి 27 తీసి 35 అన్న పిల్ల ఏడులోంచి రెండు తీసేసింది. "తప్పు, కూర్చో" అంటే రేపు కూడా అదే చేస్తుంది. ఎవర్ని లేపుతున్నారో కూడా గుర్తు పెట్టుకో. మగపిల్లల్నీ ముందు వరసనూ మాత్రమే అడిగే టీచర్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఇక నేను చేసిన తప్పు. తనిఖీల్లో కొత్తగా దిగిన రోజుల్లో ఒక నేత ఊరి బడికి వెళ్లాను, ఊరి పేరు రాయను. ఒక గదిలో ఒకటే గోల. పిల్లలు గుంపులుగా కింద కూర్చుని, ఇంట్లోంచి తెచ్చిన కండెలు కుప్పలు పోసి లెక్కపెడుతున్నారు. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, సందర్శకుల పుస్తకంలో "క్రమశిక్షణ లేదు" అని రాశాను. పక్క గదిలో నిశ్శబ్దం, అందరూ బోర్డు మీది లెక్కలు దించుకుంటున్నారు. "బాగుంది" అని రాశాను. నాలుగు నెలల తరవాత మళ్లీ వెళ్లి రెండు తరగతులకూ అవే తీసివేతలు ఇచ్చాను. దించుకున్నవాళ్లలో ఎక్కువమంది చెయ్యలేకపోయారు. గోల చేసిన తరగతిలో ఎక్కువమంది చేశారు. కాని ఆ గదిలో కండెలు లేవు. నా రాత చూశాక ఆ పంతులమ్మ ఆ పని మానేసిందని హెచ్‌ఎం చెప్పారు. రెండు మాటలతో ఒక మంచి పాఠాన్ని ఆపేశాను. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు బాగుండదు.

అందుకే చూసింది ముందు రాయి, స్కోరు తరవాత వెయ్యి. టీచరు అన్న మాట అన్నట్టే రాసుకో, పిల్లల జవాబు కూడా. "పాఠం చక్కగా సాగింది" లాంటి వాక్యం నీ కాగితం మీద ఉండకూడదు. కునికిపాట్లు పడుతున్న పిల్లను చూస్తే, ఆ పిల్ల తెల్లారగట్ల లేచి మగ్గం దగ్గర పనిచేసి వచ్చిందేమో కనుక్కో. కప్పలదొడ్డి, పెడన వైపు అది మామూలే. స్కోరు మారదు, కాని టీచరుతో నువ్వు మాట్లాడే తీరు మారుతుంది.

తనిఖీదారు మాటకు ఎంత బలముందో మన చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మదరాసు రాజధానిలో ఇన్‌స్పెక్టరు పెట్టిన పరీక్ష ఫలితాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చేవారు. పిల్లలు ఆ ఒక్క రోజుకోసం కంఠతా పట్టేవారు. తరవాత 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు బళ్లకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడనూ గిడుగు రామమూర్తినీ కదిలించింది. వ్యావహారిక భాషోద్యమం అక్కణ్ణుంచి మొదలైంది. గ్రాంటు పరీక్ష పెట్టినవాళ్లూ, యేట్స్ దొరా అందరూ ఇన్‌స్పెక్టర్లే, వాళ్లు మార్కు వేశారు, ఈయన అడిగాడు.

పాఠం అయ్యాక ఆ టీచరుతో పది నిమిషాలు కూర్చో, స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందు మాత్రం కాదు. బాగున్నది ముందు చెప్పు, చూసిందే చెప్పు. మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పు, రేపటి పీరియడ్‌లో చెయ్యగలిగింది. నీకంటే పెద్ద పంతులుగారైతే "ఈ లెక్క మీరైతే ఎలా చెబుతారండీ" అని అడిగి నేర్చుకో. నిజంగా నేర్చుకుంటావు.

మొదటి బడి చూసి వచ్చాక నాకు ఉత్తరం రాయి తల్లీ. ఎంత స్కోరు వేశావో అక్కర్లేదు. నీ పక్కన కూర్చున్న పిల్ల నోటు పుస్తకంలో ఏముందో రాయి.

మావయ్య