బేస్ గిటార్ ఎన్నుకొనుట

చూలై కూటములకు బేస్ గిటార్ కావాలని మీరు అడిగినప్పుడు మేము వెంటనే సరే అనలేదు. కానుకల సొమ్ము గదా! మునుపు ముచ్చటపడి కొన్న బ్యాటరీ గిటార్ పాట మధ్యలో మూగబోయింది. సంఘమంతా తాళం తప్పింది. ఆ తప్పు మాదే.

ఈసారి బ్యాటరీ అక్కరలేనిదే చూడండి. నాలుగు తీగలు, ఒక పికప్, వాల్యూమ్‌కు ఒక నాబ్, టోన్‌కు ఒకటి చాలును. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఉన్నవి ఇవే. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి, గుయ్యిమనే రొదను తగ్గించారు. అట్టి పికప్‌నే అడగండి. తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు. చేతులు చిన్నవైతే 30 అంగుళాలది మేలు. రంగు చూసి మోసపోక, దుకాణంలో కూర్చుని వాయించి చూడండి. మన సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టును గనుక వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవవలెను.