మార్కెట్ ఫీజూ, సరుకు దారీ

మేడ్చల్ నుంచి నాగపూర్ రోడ్డు మీదుగా, శామీర్‌పేట నుంచి కరీంనగర్ రోడ్డు మీదుగా కూరగాయలు నగరానికి దిగుతాయి. రైతుకు ముందున్న దారులు రెండు: బోయిన్‌పల్లి యార్డుకు తోలడం, లేదా పొలం గట్టు మీదే బేరగానికి అమ్మడం. పన్ను లేని చోటికే సరుకు పోతుందని సామాన్యంగా అనుకుంటారు. లెక్క అంత సులువు కాదు.

1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఫీజు కట్టవలసినవాడు కొనుగోలుదారు. నోటిఫై అయిన ప్రాంతంలో ఎక్కడ కొన్నా అది వర్తిస్తుంది; గట్టు మీది బేరంలో వసూలు కావడమే కష్టం. కట్టేది వర్తకుడైనా, ధరలో ఆ మేరకు కోత పెట్టుకోడని నమ్మడం అమాయకత్వం.

కిలో 20 రూపాయల లెక్కన 500 కిలోల టమాటా, ఫీజు నూటికి రూపాయి అనుకుందాం. ఫీజు 100 రూపాయలు. యార్డులో పదిమంది పోటీపడి కిలోకు అర్ధరూపాయి పెంచితే 250 అదనం. ఫీజంతా రైతు నెత్తినే పడినా సుమారు 150 మిగులు. (కిరాయి, హమాలీ, అడ్తి వేరే ఉన్నవి.) షెడ్డు కారుతూ, తూకానికి గంటలు నిలబెడితే మాత్రం సరుకు మెత్తబడి ఆ మిగులూ పోతుంది.

ఈ సేవల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. ఫీజు వసూలులో గణనీయ భాగం కట్టినవారికి సేవలుగా చేరాలని 1979లో పంజాబు వ్యాజ్యంలో కోర్టు చెప్పినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజును నూటికి అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచగా వర్తకులు ఆ మాటే పట్టుకున్నారు. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో పెంపు నిలిచినది. పైసకు పైస అక్కరలేదు, ఫీజుకూ సేవకూ స్థూలంగా సంబంధం ఉంటే చాలునన్నది కోర్టు. కమిటీలకు ఊపిరి వచ్చినది గాని, షెడ్డు ఏదని నిలదీసేవారి పట్టు సడలినది.

2020 నాటి కేంద్ర చట్టం యార్డు గోడ దాటిన వ్యాపారానికి రాష్ట్ర ఫీజును ఎత్తివేసినది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు దాని అమలు ఆపినది. ఆ ఏడాది చివర పార్లమెంటు రద్దు చేసినది. అది నిలిచివుంటే పెద్ద కొనుగోలుదారు మొదట గోడ దాటేవాడు. దీపాలకూ, రోడ్లకూ రాబడి తగ్గేది. వేలంలో గొంతులూ తగ్గేవి. అప్పుడు నష్టం యార్డుకు తోలే రైతుతో ఆగదు. శామీర్‌పేటలో గట్టు మీదే అమ్ముకునే రైతు సైతం పొద్దున్నే బోయిన్‌పల్లి ధర కనుక్కునే కదా బేరానికి కూర్చుంటాడు.